కార్మికుని మీద కన్ను, ఖాతా మీద చీకటి



కుంఠా నాకా నుంచి అక్కల్‌కోట్ రోడ్ ఎంఐడీసీ దాకా ఏ కార్ఖానాలో అడుగుపెట్టినా ఇప్పుడు మగ్గం కంటే ముందు గోడమీది కెమెరా కనబడుతుంది. కొన్నిచోట్ల వాకిట్లో బొటనవేలు మిషన్ కూడా వచ్చింది. మాలక్ ఇంట్లో కూర్చుని చూస్తాడు, పెళ్లికి పోయి చూస్తాడు, పంఢరపురం యాత్రలో ఉండి కూడా ఫోనులో మన పని చూస్తాడు. ఇదేమిటని అడిగితే అందరి దగ్గరా ఒకటే జవాబు: "తప్పు చెయ్యనివానికి కెమెరా అంటే భయమెందుకు?"

విచారమేమంటే మాలక్‌ల నోట పుట్టిన ఈ మాట ఇప్పుడు మనవాళ్ల నోట కూడా వినబడుతోంది. "నిజమే కదన్నా, మనమేమన్నా దొంగలమా భయపడటానికి?" అని కుర్రవాళ్లు యూనియన్ ఆఫీసుకు వచ్చి నన్నే అడుగుతున్నారు. వాళ్లకు జవాబు చెప్పడం నా బాధ్యత.

మంచిది, ఆ మాటనే పట్టుకుందాం. తప్పు చెయ్యనివానికి భయం అక్కరలేకపోతే మాలక్ తన ఖాతా పుస్తకాన్ని బీరువాలో ఎందుకు దాస్తున్నాడు? ఎంతమంది పని చేస్తున్నారు, ఎవరికెంత ఇచ్చాడు, ఎన్ని టవళ్లు తయారై పోయాయి అని రాసిన పుస్తకాన్ని మన ముందు ఎందుకు తెరవడు? హాజరీ కార్డు ఇవ్వమంటే, పగార్ చిట్టీ ఇవ్వమంటే ఆయనకు చెమట ఎందుకు పడుతుంది?

పీఎఫ్ సంగతే చూడండి. చట్టం ప్రకారం 20 మంది ఉన్న చోట పీఎఫ్ కట్టాలి. దాన్ని తప్పించుకోవడానికి ఒకే కప్పు కింద ఉన్న మగ్గాలను భార్య పేర కొన్ని, కొడుకు పేర కొన్ని, బావమరిది పేర కొన్ని చేసి, ఒక్క షెడ్డును నాలుగు ముక్కలుగా కాగితాల మీద కోసినవాళ్లు ఎందరో మీకు నేను చెప్పనక్కరలేదు. ఇన్‌స్పెక్టర్ వస్తే, "వీళ్లు మా మనుషులు కారు సాబ్, ఇవాళ వచ్చారు, రేపు పోతారు" అంటారు. పన్నెండు గంటలపాటు కెమెరాకు కనబడే మనిషి పీఎఫ్ ఆఫీసుకు మాత్రం కనబడడు! నూలు కండె జేబులో పెట్టుకున్నాడేమోనని చూడటానికి మనం కార్మికులం. పదవీ విరమణ నాడు పైసలు ఇవ్వవలసి వస్తే మనం దారినపోయే దానయ్యలం.

కాబట్టి కెమెరా మంచిదా చెడ్డదా అన్న వాదంలో మన కాలం పోగొట్టుకోవద్దు. కన్ను ఎవరిది, అది ఎవరి మీద ఉంది, అది చూసినదానికి యజమాని ఎవరు? మనం అడగవలసినవి ఈ మూడు ప్రశ్నలు.

ఇంకొక మాట. మనలో చాలామందికి పగార్ గంటల మీద లేదు, నగాల మీద ఉంది. టవల్ నేస్తే పైసలు, చాదర్ నేస్తే పైసలు. మగ్గం ఆపి బీడీ కాలిస్తే నష్టం మనకే. కరెంటు పోతే నష్టం మనకే. దారం తెగుతూ ఉండే పాడు నూలు ఇస్తే ఆ నష్టం కూడా మన నెత్తినే. కూర్చుంటే తనకే కూలి తగ్గే మనిషిని కూర్చున్నాడా లేదా అని చూడటానికి యంత్రం ఎందుకు? సమాధానం మీకు తెలుసు. ఎవడు ఎవడితో మాట్లాడుతున్నాడు, బోనస్ మాట రాగానే ఎవని మగ్గం చుట్టూ నలుగురు మూగుతున్నారు, యూనియన్ కరపత్రం ఏ చేతి నుంచి ఏ చేతికి పోయింది, వాళ్లకు కావలసింది ఇదీ! నూలు దొంగను పట్టడానికని చెప్పి పెట్టిన కన్ను యూనియన్ మనిషిని పట్టడానికి పనిచేస్తోంది.

మిల్లులో పనిచేసినవాళ్లు అడగవచ్చు, అప్పుడు మాత్రం నిఘా లేదా అని. ఉంది. నేను బద్లీగా మిల్లులో చేరిన రోజుల్లో భోంగా మోగిన తరువాత గేటు దగ్గర ఒక్క నిమిషం ఆలస్యమైతే బిల్లా తీసుకునేవారు కారు. జాబర్ కన్ను వీపు మీద ఉండేది. సంచీ వెతికేవారు. ఇవన్నీ అవమానాలే. కాని ఆ మిల్లు మస్టర్‌కు రెండో పక్క కూడా ఉండేది. అందులో మన పేరు ఉండేది, నంబరు ఉండేది, ఎన్ని రోజులు పనిచేశామో సిరాతో రాసి ఉండేది. ఏడాదికి 240 రోజులు నిండినట్లు ఆ మస్టరే సాక్ష్యం. మిల్లులు మూతపడి గ్రాట్యుటీ కోసం మనం కోర్టు మెట్లెక్కినప్పుడు హాజరీ దాఖలా ఉన్నవాడు ఏదో కొంత తెచ్చుకున్నాడు. లేనివాడు చేతులు ఊపుకుంటూ ఇంటికి పోయాడు. మనల్ని కట్టేసిన తాడే బావిలో పడ్డప్పుడు పైకి లాగింది, ఎందుకంటే దాని ఒక కొన మన చేతిలో ఉండేది, యూనియన్ చేతిలో ఉండేది. నేటి కెమెరా తాడుకు రెండు కొనలూ మాలక్ చేతిలోనే ఉన్నాయి. తనకు కావలసిన నిమిషం దాచుకుంటాడు. మగ్గంలో మన వేలు నలిగిన నిమిషం మాత్రం "రికార్డు పోయింది" అంటాడు.

షోలాపూర్‌కు నిఘా కొత్తది కాదు. మన ఊళ్లో సెట్లమెంట్ అనే బస్తీకి ఆ పేరు ఎట్లా వచ్చిందో నేటి పిల్లలకు తెలియదు. 1871లో ఇంగ్లీషు ప్రభుత్వం క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ తెచ్చి, కొన్ని కులాలలో పుట్టినవాళ్లందరినీ పుట్టుకతోనే నేరస్థులని రాసిపెట్టింది. షోలాపూర్‌లో ముళ్లకంచె వేసి పారధీలు, కైకాడీలు వంటివాళ్లను కుటుంబాలతో సహా అందులో పెట్టారు. వేళకు హాజరీ ఇవ్వాలి. పాస్ లేకుండా ఊరు దాటరాదు. మన తెలుగుదేశంలో బాపట్ల దగ్గరి స్టువర్టుపురం ఎరుకలవాళ్ల కోసం ఇట్లా పుట్టిన ఊరే. ఆ "నేరస్థుల" చేత షోలాపూర్‌లో ఏం చేయించారో తెలుసా? మన మిల్లులలోనే పని చేయించారు! రాత్రి దొంగలని కంచెలో పెట్టి, తెల్లవారగానే మగ్గాల ముందుకు నడిపించారు. ఆ చట్టం రద్దు కావడానికి స్వరాజ్యం వచ్చి 1952 దాకా ఆగవలసి వచ్చింది.

ముందు దొంగ అని పేరు పెట్టు, తరువాత కాపలా పెట్టు, ఆ తరువాత అడిగే నోరు లేని కూలీగా వాడుకో. కంచెకు ఇనుప తీగ కావాలి, కెమెరాకు రాగి తీగ చాలు. తేడా అంతే.

ఇది మన ఊరి గొడవ మాత్రమే అనుకోవద్దు. ఇదే మహారాష్ట్రలో నాగపూర్ మునిసిపల్ సఫాయి కార్మికుల చేతికి, ఎక్కడున్నారో ఆఫీసుకు చెప్పే గడియారాలు కట్టారు. ఉపాధి హామీ కూలీలకు 2023 జనవరి 1 నుంచి అన్ని పనిచోట్లా రోజుకు రెండుసార్లు ఫోనులో ఫొటో తప్పనిసరి చేశారు. నెట్‌వర్క్ లేక ఫొటో ఎక్కకపోతే ఎండలో తవ్విన మట్టికి కూలి లేదు. పోనీ దొంగ లెక్కలు ఆగాయా? ఫొటోను ఫొటో తీసి ఎక్కించినవాళ్లూ, పనికిరాని బొమ్మలు ఎక్కించినవాళ్లూ ఉన్నారని 2025 జూలైలో కేంద్ర ప్రభుత్వమే రాష్ట్రాలకు ఉత్తరం రాసింది. దొంగ తప్పించుకున్నాడు, కూలివాడు చిక్కుకున్నాడు.

బొటనవేలి సంగతి మన ఆడవాళ్లను అడగండి. ఇరవై, ముప్పై ఏళ్లు తునికాకు కత్తిరించి, తంబాకు పోసి, బీడీ చుట్టిన వేలి మీద గీతలు మిగులుతాయా? ఏళ్ల తరబడి తెగిన దారం ముడివేసిన వేలి మీద మిగులుతాయా? రేషన్ దుకాణం ముందు వేలు తుడిచి తుడిచి, నూనె రాసి, మళ్లీ మళ్లీ మిషన్ మీద నొక్కి, "ఫింగర్ రావడం లేదు" అనిపించుకుని ఖాళీ సంచీతో తిరిగివచ్చిన అక్కలు మన ప్రతి గల్లీలో ఉన్నారు. పనిచేసి అరిగిన వేలు, పనిచేసినట్లు రుజువు చేయలేకపోవడం కంటే అన్యాయం ఉందా? ఏకలవ్యుని బొటనవేలు అడిగిన ద్రోణుడు ఒక్కసారే అడిగాడు. ఇప్పటి ద్రోణులు రోజూ అడుగుతున్నారు.

ఇక మాట సంగతి. మన కార్ఖానాల కుర్రవాళ్లందరికీ వాట్సాప్ గుంపులున్నాయి. మంచిదే. ఒక తమ్ముడు తన షెడ్డులో పాయిఖానా తలుపు విరిగి ఆరు నెలలైందని ఫొటో తీసి గుంపులో పెట్టాడు. మరునాడు పొద్దున గేటు దగ్గర అతనికి దొరికిన మాట: "నీ మగ్గం వేరేవానికి ఇచ్చాం." తలుపు మాత్రం బాగు కాలేదు. గుంపులో ఉన్న ఎవడో ఒకడు ఆ ఫొటోను మాలక్‌కు పంపాడు. గోడమీది కెమెరా కనబడుతుంది, జేబులోని కెమెరా కనబడదు.

సర్కారు చేతిలో ఉన్నప్పుడు ఈ వ్యవహారం ఇంకా పెద్దది. 2012 నవంబరులో మన రాష్ట్రంలోని పాల్ఘర్‌లో, ముంబై బంద్ ఎందుకని ఫేస్‌బుక్‌లో రాసినందుకు ఒక అమ్మాయినీ, దాన్ని మెచ్చుకున్నందుకు ఇంకొక అమ్మాయినీ పోలీసులు అరెస్టు చేశారు. అందుకు వాడిన ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టివేసింది. కొట్టివేసిన ఆ సెక్షన్ కిందనే పోలీసులు ఇంకా కేసులు పెడుతున్నారని తెలిసి 2021లో అదే కోర్టు ఆశ్చర్యపోవలసి వచ్చింది! 2020 మే 7న విశాఖలో ఎల్‌జీ పాలిమర్స్ కార్ఖానా నుంచి విషవాయువు వచ్చి మనుషులు చనిపోయారు. దాని గురించి ఫేస్‌బుక్‌లో ప్రశ్నలు వేసిన గుంటూరు పెద్దావిడకు, అరవై దాటిన మనిషికి, సీఐడీ నోటీసు ఇచ్చింది. 2025 జూలైలో మహారాష్ట్ర శాసనసభ జన్ సురక్షా బిల్లును ఆమోదించింది. దాని మీద జనం నుంచి 12 వేలకు పైగా అభ్యంతరాలు, సూచనలు వచ్చాయి. "చట్టవిరుద్ధ కార్యకలాపం" అన్న మాటను ఎంత వెడల్పుగా రాశారంటే, రేపు గేటు ముందు ధర్నాను కూడా అందులో ఇరికించవచ్చునని కార్మిక సంఘాలు గొంతు చించుకున్నాయి.

షోలాపూర్‌వాళ్లకు దీన్ని ఎవరూ నేర్పనక్కరలేదు. 1930 మే నెలలో గాంధీని అరెస్టు చేసినప్పుడు మిల్లు కార్మికులు పని మానేసి వీధుల్లోకి వచ్చారు. సర్కారు ఇక్కడ మార్షల్ లా పెట్టింది. జెండా పట్టడం నేరమైంది. 1931 జనవరి 12న మల్లప్ప ధన్‌శెట్టి, కుర్బాన్ హుస్సేన్, జగన్నాథ్ శిందే, శ్రీకిసన్ సారడాలను యెరవడ జైలులో ఉరితీశారు. వారిలో కుర్బాన్ హుస్సేన్ కార్మికుల మధ్య పనిచేసినవాడు, పత్రిక నడిపినవాడు. లింగాయతు, ముస్లిం, మరాఠా, మార్వాడీ నలుగురూ ఒక్క తాడుకు ఎక్కారు. ఆ నలుగురి విగ్రహాలకు ఏటా పూలదండ వేసే నాయకులే నేడు కార్మికుని నోటికి తాళం వేస్తే దండ ఎందుకు, దండం ఎందుకు?

అయితే మన వైపు మాట కూడా నిర్మొహమాటంగా చెప్పుకోవాలి. మాట్లాడే హక్కు అంటే చేతికి వచ్చినదల్లా ముందుకు తోయడం కాదు. 2018 జూలై 1న ధూళే జిల్లా రాయిన్‌పాడాలో ఐదుగురు మనుషులను ఊరి జనం కొట్టి చంపారు. పిల్లలను ఎత్తుకుపోయే ముఠా తిరుగుతోందని వాట్సాప్‌లో తిరిగిన పుకారే కారణం. చనిపోయినవాళ్లు ఎవరు? మన షోలాపూర్ జిల్లా మంగళవేఢా తాలూకా నుంచి పొట్ట చేతపట్టుకుని పోయిన నాథపంథీ డవరీ గోసావీలు, సంచారజాతి పేదలు. ఒకనాడు చట్టం కొన్ని కులాల నుదుట దొంగ అని రాసింది, ఆ రోజు ఫోను రాసింది. కార్ఖానాలో తెలుగువాడు, మరాఠీవాడు, కన్నడిగుడు, ముస్లిం పక్కపక్క మగ్గాల మీద ఉన్నారు. ఒక్క అబద్ధపు మెసేజ్ చాలు, బోనస్ మాట మరిచి ఒకరినొకరు చూసుకోవడం మానేస్తారు. ఆ మెసేజ్ వల్ల లాభం ఎవరికో ఆలోచించకుండా వేలు నొక్కేవాడు మాలక్‌కు పైసా లేకుండా పనిచేసిపెడుతున్నాడు.

"అందుకే కదా నిఘా కావాలి" అంటారు సర్కారువాళ్లు. రాయిన్‌పాడాలో ఆ ఐదుగురిని ఏ నిఘా కాపాడింది? బంద్ ఎందుకని అడిగిన అమ్మాయి ఇంటికి వెంటనే పోయిన పోలీసులు, పుకారు ఊరూరా తిరిగేటప్పుడు ఎక్కడున్నారు? మనకు కావలసిన రక్షణ మనుషులను చంపే పుకారు మీద. వాళ్లు పెడుతున్న కాపలా ప్రశ్న అడిగే నోటి మీద.

చట్టం ఏమంటోందని అడుగుతారు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది జడ్జీలు ఒక్క మాటగా, మనిషి తన ఆంతరంగిక జీవితాన్ని కాపాడుకోవడం ప్రాథమిక హక్కు అన్నారు. ఆ కేసు వేసింది కర్ణాటక రిటైర్డ్ జడ్జి పుట్టస్వామి. గొప్ప తీర్పు. కాని 2023లో పార్లమెంటు చేసిన డేటా రక్షణ చట్టం 7వ సెక్షన్‌లో, ఉద్యోగం పనుల కోసమూ, యజమానికి నష్టం రాకుండా చూడటం కోసమూ మన వివరాలను మన అనుమతి లేకుండానే వాడుకోవచ్చునని రాసి పెట్టారు. మాలక్‌కు నష్టం రాకుండా! కార్మికునికి వచ్చే నష్టం మాట అందులో లేదు. అదే చట్టం 2005 సమాచార హక్కు చట్టంలో కూడా చెయ్యి పెట్టి, "వ్యక్తిగత సమాచారం" అన్న పేరుతో ఆఫీసు కాగితాలు మూసిపెట్టుకునే దారిని వెడల్పు చేసింది. కార్మికుని మీద దీపం, దఫ్తరం మీద దుప్పటి!

మరి యంత్రం మనకు శత్రువా? కాదు. చేతిమగ్గం మీద నేసిన తాతల మనుమలం పవర్‌లూమ్ నేర్చాం, ఇప్పుడు నాడె లేని మగ్గాలు కూడా నడుపుతున్నాం. యంత్రాన్ని పగలగొట్టమని ఈ యూనియన్ చెప్పదు. అదే యంత్రపు ముఖాన్ని పైకి తిప్పమని చెబుతుంది.

తిప్పితే ఏమవుతుందో చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీ జరిపారు. మస్టర్ కాగితాలు కంప్యూటర్ నుంచి తీసి, ఊరి నడుమ నిలబడి, పేరు పేరున చదివారు. "నీకు ఇన్ని రోజుల కూలి ఇచ్చినట్లుంది, వచ్చిందా?" అని కూలివాళ్లనే అడిగారు. చచ్చిపోయినవాళ్ల పేర, ఊళ్లో లేనివాళ్ల పేర తిన్న పైసలు బయటపడ్డాయి. అది కూడా కంప్యూటరే, అది కూడా నిఘాయే. కాని చూసినవాడు కూలివాడు, చూపబడినవాడు ఆఫీసరు.

మన పీఎఫ్ కూడా అంతే. ఈ రోజు నంబరు ఉన్న కార్మికుడు ఒక్క మిస్డ్ కాల్‌తో తన ఖాతాలో ఎంత ఉందో తెలుసుకోవచ్చు. పగార్‌లో కోసుకుని పీఎఫ్ ఆఫీసులో కట్టని మాలక్ దొంగతనం మన జేబులోని ఫోనుకే దొరుకుతుంది. ఆ నంబరు తీసుకోండి, నెలనెలా చూడండి.

ఇంకొకటి. 2025 మే 18న అక్కల్‌కోట్ రోడ్ ఎంఐడీసీలో ఒక టవల్ కార్ఖానాకు నిప్పంటుకుని 8 మంది చనిపోయారు. మాలక్, ఆయన ఇంటివాళ్లు, కార్మికులు కలిసి పోయారు. నిప్పుకు మాలక్ ఎవరో కార్మికుడు ఎవరో తెలియదు. పొగను పసిగట్టి గంట మోగించేది కూడా యంత్రమే. నూలు, దూది, టవళ్లు నిండిన షెడ్డులో ముందు ఏ యంత్రం పెట్టాలి? మనిషిని అనుమానించేదా, మనిషిని నిద్రలేపేదా? మన షెడ్డుల్లో కెమెరాలెన్ని, పొగ గంటలెన్ని? మీరే లెక్కపెట్టి యూనియన్‌కు చెప్పండి.

కాబట్టి యూనియన్ తరఫున మన డిమాండ్లు ఇవి:

1. కెమెరా ఎక్కడెక్కడ ఉందో తెలుగు, మరాఠీ భాషల్లో బోర్డు పెట్టాలి. పాయిఖానా, బట్టలు మార్చుకునే చోటు, అన్నం తినే చోటు వైపు కెమెరా ఉండరాదు. కండెలు చుట్టే, కుట్టుపని చేసే ఆడవాళ్ల విషయంలో ఇది మొట్టమొదటి షరతు.

2. కెమెరా రికార్డు చూపి ఎవరినైనా పనినుంచి తీసేస్తే ఆ రికార్డును కార్మికునికీ యూనియన్‌కూ చూపాలి. ప్రమాదం జరిగితే, పనిచేసిన రోజుల మీద తగాదా వస్తే, అదే రికార్డు మనకు సాక్ష్యంగా ఇవ్వాలి.

3. బొటనవేలు మిషన్ పెట్టిన ప్రతి కార్ఖానా నెలనెలా హాజరీ కాగితం, పగార్ చిట్టీ కార్మికుని చేతికి ఇవ్వాలి. వేలు పడలేదని, నెట్‌వర్క్ లేదని ఒక్క పైసా కోయరాదు.

4. కార్మికుని ఫోను వెతకరాదు. వాట్సాప్‌లో న్యాయమైన ఫిర్యాదు పెట్టినందుకు పని తీసేయరాదు.

5. ప్రతి షెడ్డులో ముందు పొగ గంట, తెరిచి ఉండే రెండో తలుపు. తరువాతే కెమెరా.

మనవాళ్లకు కూడా నాలుగు మాటలు. ప్రతి ఒక్కరూ ఒక చిన్న డైరీ పెట్టుకోండి. ఏ రోజు ఏ పాళీ, ఎన్ని నగాలు, ఎంత ముట్టింది రాయండి. మాలక్ రాసిచ్చిన చీటీని పారేయకుండా ఫొటో తీసి దాచండి. నిజం తెలియని మెసేజ్‌ను ముందుకు పంపకండి. గుంపులో ఎవరో ఏదో పెట్టారని గుంపు నడిపేవాణ్ని బెదిరిస్తే భయపడకండి. గుంపు సభ్యుడు పెట్టినదానికి, కలిసి కుట్ర చేస్తే తప్ప, అడ్మిన్ బాధ్యుడు కాడని బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి 2021లోనే చెప్పింది. అన్నిటికంటే ముఖ్యం, మెసేజ్‌కు బొటనవేలు చూపించి పని అయిపోయిందనుకోకండి. ఫోనులోని వంద బొటనవేళ్ల కంటే గేటు ముందు నిలబడిన పదిమంది మాలక్‌కు బాగా కనబడతారు. ఆ పదిమందిని చూడటానికి ఆయనకు కెమెరా కూడా అక్కరలేదు!

తప్పు చెయ్యనివానికి భయమెందుకని అడిగే మాలక్‌లకు మన జవాబు ఒక్కటే. మాకు భయం లేదు. మీకూ లేకపోతే ఖాతా తెరవండి!

హాజరీ మన హక్కు! ఖాతా మన ముందుకు రావాలి!

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!